హాజరుపట్టీలో నెవరున్నారు?

పిల్లలు లేనప్పుడు బడి యేల యని చిన్న ఉన్నత పాఠశాలలను గూర్చి అధికారులు ప్రశ్నించుచున్నారు. ఈ మాట మనకు క్రొత్తది గాదు. 1911లో గోఖలేగారు నిర్బంధ ప్రాథమిక విద్యకై బిల్లు తెచ్చినపుడు, ప్రజలు చదువు కోరుట లేదనియు, ధనము చాలదనియు పరప్రభుత్వము సాకులు చెప్పెను. 1912లో అనుకూలముగా 13, ప్రతికూలముగా 38 వోట్లు వచ్చి ఆ బిల్లు వీగిపోయెను. నాడు దొరల నోట విన్న వాదమును నేడు మనవారి నోట వినవలసివచ్చినది.

సరే, లెక్కయే చూతము. కాని తలలు లెక్కించి యూరకుండిన చాలదు. పల్లెలోని యే జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకైనను పోయి హాజరుపట్టీ తెరచి చూడుడు. భూవసతి గలవాని బిడ్డయు, ఉద్యోగి బిడ్డయు, దుకాణదారుని బిడ్డయు బస్సెక్కి పట్టణపు ప్రయివేటు బడికి పోయినారు. మిగిలినవారిలో కూలివారి బిడ్డలు, దళితవాడల బిడ్డలు, వెనుకబడిన కులముల బిడ్డలే హెచ్చు. ఒకే యింట కొడుకును ప్రయివేటు బడికిని, కూతురిని సర్కారు బడికిని పంపుట మన మెరుగనిదా? సంఖ్య తగ్గినమాట నిజము. మిగిలినవారికి వేరు దిక్కు లేదనుటయు నంతే నిజము.

ఆ సంఖ్య యేల తగ్గెను? పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయుల నిత్తురు. పట్టీ చిక్కిపోగానే గణితపు పంతులుగారిని వేరొక యూరికి మార్తురు. గణితము చెప్పువారు లేని బడినుండి, శక్తి గల తండ్రి తన బిడ్డను మాన్పించును. మరుసటి యేడు పట్టీ మరింత చిక్కును. దీనికి హేతుబద్ధీకరణమని పేరు! 2022లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలలనుండి తీసి ఉన్నత పాఠశాలలలో కలుప నుత్తరువు చేసెను. 2025లో ఆ యుత్తరువునే రద్దు చేసెను. నడుమ పసివారు పడిన పాట్లకు జవాబుదారి యెవరు?

న్యాయవాదిని గనుక చట్టపుమాట యొకటి చెప్పెదను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వారికే వర్తించును. 8వ తరగతివరకు 3 కిలోమీటర్లలో బడి యుండవలెనని నిబంధన గలదు. 9, 10 తరగతుల పిల్లకు ఆపాటి రక్షణయు లేదు. ఈడు వచ్చిన కూతురిని బస్సు లేని డొంకదారిని అయిదారు కిలోమీటర్లు ఒంటరిగా నే తల్లి పంపును? బడి మాన్పించి సంబంధము చూచును. ఈ నష్టము ఏ ఖర్చుపట్టికలోను కానరాదు.

ఖజానానుండి జీతము పుచ్చుకొనువారందరు తమ బిడ్డలను సర్కారు బడులకే పంపవలెనని 2015లో అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పెను. అది ఆచరణకు రాలేదు. తమ బిడ్డలను పంపనివారే ఆ బడుల యాయుర్దాయము నిర్ణయించుచున్నారు!

మేము కోరున దెక్కువేమియు గాదు. బడి మూయుటకు ముందు హాజరుపట్టీని గ్రామసభలో పేరుపేరున చదువుడు. ఏ పిల్ల యే బడికి, ఏ దారిని, ఎవరి తోడున పోవునో అధికారి వ్రాసి సంతకము చేయవలెను.