పెరడు తీర్చేముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూడండి

“పదేళ్ళుగా కుండీల్లో మొక్కలు పెంచుతున్నాం. గులాబీ, మల్లె, ఆకుకూరలు, వంగ అన్నీ చేతికొచ్చాయి. ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకున్నాం. వెనకాల ఇరవై అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు ఖాళీ స్థలం ఉంది. ఏదో నాలుగు మొక్కలు నాటడం కాకుండా, ఒక పద్ధతిగా తోట వేయాలని కోరిక. కంచెగా పచ్చగన్నేరు, మధ్యలో తామరతొట్టి, చుట్టూ నున్నటి నాపరాళ్ళ బాట అనుకున్నాం. ఇంట్లో డెబ్భై అయిదేళ్ళ మా అత్తగారు, రెండేళ్ళ మనవడు ఉన్నారు. మావారికి నడుంనొప్పి. ఆరోగ్యరీత్యా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?”

తోటపని ప్రశ్న డాక్టరుకెందుకని కొందరు నవ్వవచ్చు. కాని అడగవలసిన ప్రశ్నే ఇది. కుండీల్లో పెంచేటప్పుడు మొక్కకేం కావాలో నేర్చుకుంటాం. తోట వేసేటప్పుడు నేర్చుకోవలసింది, ఆ తోటలో తిరిగే మనుషులకేం కావాలో. ఈ రెండో చదువు మొదటిదానికంటే కష్టం.

ముందు కంచె సంగతి. పచ్చగన్నేరు వద్దు. మేకలు, పశువులు ముట్టవనే కదా మనం దాన్ని కంచెకు వేస్తాం! అవెందుకు ముట్టవో మాత్రం ఆలోచించం. ఆ చెట్టులో, ముఖ్యంగా గింజల్లో, గుండె మీద పనిచేసే విషం ఉంది. నోరు మండటం, వాంతులు, విరేచనాలతో మొదలై, గుండె వేగం తగ్గిపోయి, లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. పచ్చగా, పలకలు పలకలుగా ఉండే ఆ కాయలు పిల్లలకు ఆటవస్తువుల్లా కనిపిస్తాయి. ఎన్ని గింజలు తింటే ప్రమాదం అని అడగకండి. రెండేళ్ళవాడి విషయంలో ఒక్కటి నోట్లో పెట్టుకున్నా ఆస్పత్రికి పరుగెత్తవలసిందే. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు కూడా ఆ జాతివే. వాటి ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పూజకు పువ్వులు కావాలంటే వాడు పెద్దవాడయ్యాక వేసుకోవచ్చు. అంతవరకు కంచెకు మందారం, గోరింట, నూరువరహాలు చాలు. చూడటానికీ బాగుంటాయి.

దొడ్లో దానంతట అది మొలిచే ఉమ్మెత్త, ఆముదం, అడవి ఆముదం, గురివింద తీగ కూడా పీకేయండి. ఉమ్మెత్త కాయ తిన్న పిల్లవాడికి నోరెండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు. దీన్ని చూసి గాలి సోకిందని మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయి గంటలు పోగొట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇక వరండాలో అందంగా పెట్టుకునే డిఫెన్‌బాకియా ఉంది. దాని ఆకు కొరికితే సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నాలుక, గొంతు వాస్తాయి, మాట రాదు. దాన్ని పిల్లవాడికి అందని ఎత్తులో పెట్టండి.

ఒకవేళ నోట్లో పెట్టుకున్నాడే అనుకోండి, ఏం చేయాలి? నోట్లో ఉన్న ముక్కలు వేలితో తీసేసి, నీళ్ళతో కడగండి. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించడం వద్దు. ‘బాగానే ఉన్నాడుగా, చూద్దాం’ అని కూర్చోవద్దు. 108కి ఫోను చేసి, ఆ మొక్క కొమ్మ ఒకటి తుంచి మీతోపాటు తీసుకెళ్ళండి. పేరు తెలియని మొక్కను మీరు మాటల్లో వర్ణించడం కంటే డాక్టరు కళ్ళతో చూడటం మేలు.

తామరతొట్టి గురించి. దోమలొస్తాయేమోనని మీ భయం అయితే, అందులో గప్పీ చేపలో గంబూసియా చేపలో నాలుగు వదలండి, దోమపిల్లలను అవే తింటాయి. డెంగ్యూ తెచ్చే దోమ అసలు గుడ్లు పెట్టేది మీరు చూడని చోట. కుండీ కింద పళ్ళెంలో, బోర్లించని బకెట్లో, కొబ్బరిచిప్పలో, పాత టైరులో. అది పగటిపూట కుడుతుంది. నీటి అంచుకు కాస్త పైన తడి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు ఆరిపోయినా అవి నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి పళ్ళెంలో నీళ్ళు పారబోస్తే చాలదు, వారానికోసారి లోపలి గోడ పీచుతో రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారం దాటనివ్వకూడదు. తోటను తీర్చేటప్పుడే కుండీల కింద పళ్ళేలు అక్కర్లేకుండా, నీళ్ళు నేరుగా మట్టిలోకి దిగేటట్టు అమర్చుకుంటే ఈ చాకిరీ సగం తప్పుతుంది.

తొట్టితో అసలు భయం దోమ కాదు, మీ మనవడు. ఆ వయసు పిల్లలు తల బరువుతో ముందుకు తూలిపడతారు, తిరిగి లేవలేరు. అడుగు లోతు నీళ్ళు కూడా ఎక్కువే. అరుపు కూడా వినిపించదు. నీటి మట్టానికి పైన గట్టి ఇనుప జాలీ బిగించగలిగితే సరే. నన్నడిగితే, ఇంకో మూడు నాలుగేళ్ళు తామర కోరికను వాయిదా వేయండి. పిచుకలకు మూకుడులో నీళ్ళు పెట్టి రోజూ మార్చండి.

ఇప్పుడు బాట. తోట వేసేవాళ్ళు మొక్కల గురించి నెలల తరబడి ఆలోచించి, బాటను మేస్త్రీకి వదిలేస్తారు. పెద్దవాళ్ళున్న ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నున్నటి నాపరాయి తడిస్తే జారుతుంది, వానాకాలంలో పాచి పడితే చెప్పనక్కర్లేదు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మంచం పట్టడం, దాంతో ఊపిరితిత్తులకు నిమ్ము చేరడం, పడక పుళ్ళు వరసగా వస్తాయి. గరుకుగా ఉన్న రాయి గాని, ఇటుక గాని వేయించండి. వెడల్పు మూడడుగులకు తగ్గకూడదు, చెయ్యి పట్టుకుని నడిపించేందుకు నాలుగైతే ఇంకా మంచిది. మెట్లు వద్దు, వాలు పెట్టండి. బాట రెండు అంచులకు సున్నం కొట్టించండి, శుక్లాలు ముదురుతున్న కళ్ళకు అంచు తెలుస్తుంది. వంటింటి గుమ్మంలో మొదలై, తోట చుట్టి మళ్ళీ అక్కడికే వచ్చేటట్టు ఉంటే ఆవిడ రోజూ రెండు చుట్లు తిరుగుతారు. మధ్యలో చేతులున్న బల్ల ఒకటి, అడుగున్నర ఎత్తున. చేతులు లేని బల్ల మీద కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం.

రాళ్ళు పరిచే ముందు ఒక పని చేయండి. గళ్ళ కాగితం మీద ఒక గడికి ఒక అడుగు చొప్పున పటం గీసి, అదే గీతను నేల మీద ముగ్గుతో వేయండి. వారం రోజులు మీ అత్తగారిని ఆ గీతల మధ్యే నడవమనండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ గోడ పట్టుకుంటున్నారో మీకే కనిపిస్తుంది. బల్ల అక్కడ వేయించండి.

మీవారి నడుముకు మందు వంగకుండా పనిచేసే ఏర్పాటే. రెండడుగుల ఎత్తు ఇటుక గోడ కట్టించి, అందులో మట్టి నింపి కూరలు వేసుకోండి. రెండు వైపులా చెయ్యి అందేదైతే నాలుగడుగుల వెడల్పు, గోడకానించి కడితే రెండడుగులు. అంతకు మించితే మళ్ళీ వంగాల్సిందే. బకెట్లతో నీళ్ళు మోయకుండా గొట్టం పెట్టించుకోండి.

ఎండ, నీడల లెక్క ఏడాదిపాటు చూస్తేగాని పూర్తిగా పట్టుబడదు. హైదరాబాదు ప్రాంతంలో మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి దిగిపోయి, ఆరడుగుల గోడ నీడను అయిదడుగులకు పైగా ఉత్తరానికి పరుస్తాడు. కనుక దక్షిణపు గోడ మొదట్లో కూరమళ్ళు వేస్తే చలికాలంలో ఎదగవు. జామ, నిమ్మ పడమటి వైపు వేస్తే, మీరు బల్ల మీద కూర్చునే సాయంత్రం నాలుగు గంటలకు నీడ మీ మీద పడుతుంది. నడివేసవిలో ఉదయం పది దాటాక తోటలో ఎవరూ పనిచేయవద్దు, బి.పి. మందులు వాడే పెద్దలు అసలే వద్దు.

చెట్టు ఎంచేటప్పుడు ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళున్నారా అని కూడా చూడాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నంలో ఏడాకులపాల చెట్లు విరివిగా నాటారు. తర్వాత అవి పూసినప్పుడల్లా ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అని జనం గోలపెట్టారు. వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకండి.

చివరగా మట్టి, పెంట. ధనుర్వాతపు క్రిములు ఉండేది వాటిలోనే. తోటలో చెప్పులు లేకుండా తిరగవద్దు. ముల్లు గుచ్చుకున్నా, పార తగిలినా సబ్బునీళ్ళతో కడిగి, ఇంజక్షను వేయించుకుని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోండి. ఇదివరకు టి.టి. అనేవారు, ఇప్పుడు కంఠసర్పికి కూడా కలిపి టి.డి. ఇస్తున్నారు. పెద్దలకు పదేళ్ళకోసారి ఉండాలి. గుంతలు తవ్వడానికి మీరు పిలిచే కూలీ మనిషికి అది పడి ఉండే అవకాశం మీకంటే తక్కువ. పని మొదలుపెట్టకముందే ఆయనను కూడా మీ వెంట తీసుకెళ్ళి వేయించండి.