కొల్లేటి పాఠం చెప్పేవారిని బడికి పిలవాలి

బడికి అతిథి వస్తున్నారంటే మన పిల్లలకు తెలిసిందొక్కటే. ఆగస్టు 15న, జనవరి 26న ఎండలో బారులు తీరి కూర్చోవడం, పూలదండలు, శాలువాలు అయ్యేదాకా కాచుకోవడం, చివరికో మిఠాయి. ఉపన్యాసంలో ఒక్క ముక్క మర్నాటికి గుర్తుండదు.

కైకలూరు పక్కనే ఆటపాక. శీతాకాలంలో అక్కడ గూడబాతులు గుంపులుగా గూళ్లు కడతాయి. అవి ఇక్కడికే ఎందుకు వస్తాయో మన ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి అడిగి చూడండి. చెప్పలేకపోతే తప్పు వాడిది కాదు, చెప్పినవారు లేరు.

చెప్పగలవారు మాత్రం ఊరూరా ఉన్నారు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే కొల్లేరు ఎలా ఉబ్బుతుందో, ఉప్పుటేరు పూడితే నీరు ఎందుకు ఎగదన్నుతుందో వలవేసి బతికిన పెద్దలకు కళ్లారా తెలుసు. వారికి చదువు లేదని ప్రధానోపాధ్యాయులు సంకోచించనక్కరలేదు.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గాయం లంక గ్రామాల్లో ఇంకా పచ్చిగానే ఉంది. అందుకే పక్షుల పక్షాన మాట్లాడే అటవీ ఉద్యోగినీ, చెరువు పోగొట్టుకున్న రైతునూ ఒకే వారంలో పిలవాలి. ఎవరి మాటలో ఎంత న్యాయముందో పిల్లలే తేల్చుకుంటారు. ఓట్ల మాటలు చెప్పేవారికి మాత్రం ఆ గంటలో చోటివ్వరాదు.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పుస్తకాల సంచీ లేని 10 రోజులుండాలని, స్థానిక పనివారి వద్ద నేర్చుకోవాలని చెప్పింది. ఖర్చంటారా, వచ్చినవారికి బస్సు ఛార్జీ, ఓ కప్పు టీ. మాట అరగంట మించకుండా, తక్కిన సమయం ప్రశ్నలకు వదిలితే మేలు. గూడబాతులుండే రోజుల్లోనే తొలి పాఠం పెడితే, అది ముగిశాక పిల్లలను ఆటపాకకు తీసుకెళ్లవచ్చు.