గీత పైకి పోతే ఏం పెరిగినట్టు?

ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు మీద పోతే వచ్చే తుర్కయంజాల్‌లో ఒక ఆదివారం డిగ్రీ పిల్లలతో కూర్చున్నాం. పేర్లూ అంకెలూ లేని మూడు గ్రాఫులు బోర్డు మీద గీసి, ఏ గీత ఏ సంగతి చెబుతుందో జత చేయమన్నాం. ఎక్కుతున్న గీతకు దాడులు పెరిగాయని, అడ్డంగా సాగిన గీతకు ఏమీ మారలేదని దాదాపు అందరూ రాశారు. మేమూ మొదట్లో అట్లనే చదివేవాళ్లం.

ఎక్కే గీత జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. దేశంలో ఎస్సీలపై నేరాల కేసులు 2017లో 43,203. 2018లో 42,793. తర్వాత మళ్లీ ఎక్కి 2022 నాటికి 57,582. ఆ 2018 నాటి చిన్న పల్లం దగ్గర ఆగాలి. ఆ ఏడాది మార్చి 20న సుప్రీంకోర్టు, అట్రాసిటీ కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చనీ, అరెస్టుకు ముందస్తు అనుమతి కావాలనీ చెప్పింది. ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్‌తో రోడ్డెక్కారు. ఆగస్టులో పార్లమెంటు చట్టంలో 18ఏ సెక్షన్ చేర్చి ఆ షరతులను తీసేసింది. తగ్గిన 410 కేసులూ ఆ తీర్పు వల్లేనని మేం అనం, అంత చిన్న తేడాకు కారణాలు చాలా ఉంటాయి. అట్లని ఆ ఒక్క ఏడాది ఊళ్లలో కులం మెత్తబడిందని నమ్మమంటే నమ్మలేం. ఈ గీత లెక్కపెట్టేది తగిలిన దెబ్బలను కాదు, పోలీస్ స్టేషన్‌లో కాగితం మీదికి ఎక్కిన దెబ్బలను. భూమి ఉన్నవాడికి భయపడి ఎవరూ స్టేషన్ గడప తొక్కని ఊరి గ్రాఫు సున్నా దగ్గరే సాగుతుంది. అలాంటి ఊరిని ప్రశాంతమైన ఊరని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక అడ్డగీత. అది కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఎస్సీ కుటుంబాల ఆదాయ పరిమితి. 2013లో ఏడాదికి 2.5 లక్షలు, 2021లో కొత్త మార్గదర్శకాలు వచ్చినా అంతే. ఈ మధ్యలో ఇంటి కిరాయి, బియ్యం ధర ఆగాయా? నెలకు 20,000 తెచ్చే తండ్రి ఏడాది ఆదాయం 2,40,000. నెల జీతం వెయ్యి పెరిగితే 2,52,000. కూతురి స్కాలర్‌షిప్ గీత అక్కడ మెల్లగా వాలదు, తెగి సున్నాకు పడుతుంది. జీతం పెంచొద్దని తండ్రే యజమానిని బతిమాలుకోవాల్సిన లెక్క ఇది. కదలని గీతే మనల్ని బయటికి నెడుతోంది.

మూడో గ్రాఫులో రెండు గీతలు. 1991లో దేశంలో మొత్తం అక్షరాస్యత 52.21 శాతం, ఎస్సీలది 37.41. 2011లో 72.99, 66.07. దాదాపు 15 పాయింట్ల దూరం ఏడుకు దిగింది. ఇది చిన్న గెలుపేం కాదు, కానీ ఇక్కడ అక్షరాస్యత అంటే ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం. డిగ్రీ కాదు, ఉద్యోగం అసలే కాదు. పైగా ఆ గీతలు 2011 దగ్గరే ఆగిపోయాయి. 2021 జనగణన జరగలేదు, కులగణనతో కలిపి తర్వాతి లెక్కను 2027కు పెట్టారు.

పేర్లూ అంకెలూ రాశాక ఒకమ్మాయి లేచి, 2011 తర్వాతి ఖాళీలో చుక్కలతో రెండు గీతలనూ కలిపేసింది. చుక్కలెందుకని అడిగితే, అక్కడ లెక్క లేదు కదా అంది.