పట్టేసిన పుల్లీ, పట్టించుకోని పెద్దలు

ఇంజను క్రాంకుకు పట్టేసిన పుల్లీని, క్రాంకు మీద గీత పడకుండా, కవరు పగలకుండా, రబ్బరు చెదరకుండా ఊడదీయగల మనుషులు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది ఉన్నారు? లెక్క తెలిసిన అధికారి ఎవరైనా ఉంటే చెప్పమనండి. అయిదేళ్లకోసారి గొర్రెల్నీ మేకల్నీ కోళ్లనీ లెక్కపెట్టే దేశం మనది. ఈ చేతుల్ని లెక్కపెట్టాలని ఒక్కరికైనా తోచిందా? కొత్త సామాను బిగించినవాడికి ఫొటో, దండ, ప్రారంభోత్సవం. బిగుసుకుపోయినదాన్ని విప్పినవాడికి మోచేతుల దాకా మసి. ఇదీ మన న్యాయం.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1999 నుంచి 2004 దాకా ఎఫ్-150 లైట్నింగ్ అని ఒక పికప్ ట్రక్కు అమ్మింది. 5.4 లీటర్ల వీ8 ఇంజను, దాని నెత్తిన గాలిని కుక్కిపెట్టే ఈటన్ సూపర్‌ఛార్జర్. మొదట 360 హార్స్‌పవర్, 2001 నుంచి 380. అదీ చాలదనుకున్న వేగపిచ్చోళ్లు ముందు పడేది పుల్లీ మీదే. సూపర్‌ఛార్జర్ పుల్లీ చిన్నది వేసినా, కింద క్రాంకు పుల్లీ పెద్దది వేసినా, ఇంజను అంతే తిరిగినా సూపర్‌ఛార్జర్ మాత్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, సిలిండర్లలోకి ఎక్కువ గాలి దూరుతుంది. ఆ బండి వేగం గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. కంపెనీది కాని ఆ బయటి పుల్లీ ఏళ్ల తరబడి వేడికీ తడికీ షాఫ్టును కరుచుకుని కూర్చున్నాక, దాన్ని ఊడదీసినవాడి గురించి ఎవరు రాశారు?

అసలు అది ఎందుకు పట్టేస్తుందో తెలిస్తే గానీ తీసేవాడి గొప్ప అర్థం కాదు. చాలా పుల్లీల రంధ్రం షాఫ్టు కన్నా వెంట్రుకవాసి తక్కువగా తొలుస్తారు. ఆ బిగువే దాని పట్టు. కంపెనీ సరుకుకు ఆ వెంట్రుకవాసి ఎంతో కాగితం మీద గీసి ఉంటుంది. బయటి సరుకుకు అది చాలాసార్లు లేత్ మీద తొలిచినవాడి దయ. మరీ బిగువైతే వేసేవాడు సుత్తితో దిగ్గొట్టి చేతులు దులుపుకుంటాడు. పుల్లీ అల్యూమినియం, షాఫ్టు ఉక్కు అయితే ఇక చెప్పనక్కర్లేదు. రెండు లోహాల నడుమ తడి చేరి తెల్లటి పొడి పుడుతుంది, అది సందునంతా పూడ్చేస్తుంది, రెండూ ఒకటే ముద్దవుతాయి. పోనీ లాగుదామంటే, పుల్లర్ బోల్టులు పట్టడానికి మర రంధ్రాలైనా లేని బయటి పుల్లీలు ఎన్నో. వేయడం సంగతే తప్ప తీయడం సంగతి తయారుచేసినవాడికి పట్టలేదు. పట్టాల్సింది ఎవరికి? షెడ్డులో మేస్త్రికి.

పని తెలియనివాడి చేతిలో ఏమవుతుందో చూడండి. మూడు కాళ్ల పుల్లర్ తెచ్చి పుల్లీ బయటి అంచుకు తగిలిస్తాడు. చాలా క్రాంకు పుల్లీల్లో బయటి చుట్టుకూ లోపలి హబ్బుకూ మధ్య ఇంజను వణుకును మింగే రబ్బరు ఉంటుంది. అంచు పట్టి లాగితే చుట్టు చేతికొస్తుంది, హబ్బు ఉన్నచోటే ఉంటుంది. ఇంకొకడు వెనకనుంచి గడ్డపార దూర్చి ఎత్తుతాడు, టైమింగ్ కవరు ఫట్టుమంటుంది. మరొకడు క్రాంకు మూతి మీద నేరుగా సుత్తితో బాదుతాడు. ఆ దెబ్బ తినేది లోపలి థ్రస్ట్ బేరింగు. పైకి కనపడదు, వెయ్యి కిలోమీటర్లు పోయాక ఏడుస్తుంది.

మేస్త్రి ముందు చూస్తాడు. పానా ముట్టుకోకుండా చాలాసేపు చూస్తాడు. మధ్య బోల్టు తీసి, పాడైనా పరవాలేని పాత బోల్టు ఒకటి దాని మరలోకి ఎక్కించి, పుల్లర్ స్క్రూ దాని తల మీద ఆనేలా సర్దుతాడు, క్రాంకు మర బతకాలని. హబ్బుకు రంధ్రాలు లేకపోతే ఎదురెదురుగా తానే తొలిచి మర కోస్తాడు. రెండు బోల్టుల మీదా లాగు సమానంగా పడేలా బిగించి, ఆగిపోతాడు. ఆ ఆగడం ఉందే, అదీ విద్య! బలం ఉన్నవాడికి అది చచ్చినా రాదు. తర్వాత గ్యాస్ మంట. షాఫ్టు మీద పడకుండా హబ్బు చుట్టూ మాత్రమే తిప్పుతాడు. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 30 మిల్లీమీటర్ల రంధ్రానికి 150 డిగ్రీల వేడి అదనంగా తగిలితే మిల్లీమీటరులో పదోవంతు తెరుచుకుంటుంది. చాలు, ఆ పదోవంతే కావాలి. కాస్త ఎక్కువైతే వెనకున్న ఆయిల్ సీలు మాడిపోతుంది. ఇంకా ఎక్కువైతే పుల్లీయే పోతుంది, ఎందుకంటే అల్యూమినియం ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీలకు లోపే చెప్పాపెట్టకుండా కారిపోతుంది. మరి మేస్త్రి దగ్గర థర్మామీటరు ఉందా? తడి వేళ్లు విదిలిస్తాడు, నీటి బొట్టు హబ్బు మీద ఎలా చిందులేస్తుందో చూస్తాడు. పుల్లర్ స్క్రూ తల మీద ఒక్క దెబ్బ, టంగుమని. పసిపిల్ల చెవికమ్మ తీసినంత నెమ్మదిగా పుల్లీ వచ్చేస్తుంది.

లోహశాస్త్రం, ఉష్ణశాస్త్రం, బలాల లెక్క, అన్నీ ఆ పావుగంటలో ఉన్నాయి. కాదనగల ఇంజనీరు ఉన్నాడా? కానీ బండి ఓనరు నోట వచ్చే మాటేమిటి? "పుల్లీ పీకినందుకు అయిదొందలా మేస్త్రీ? పావుగంట కూడా పట్టలేదుగా!" అదే మనిషి షోరూముకు వెళితే, అక్కడ తీయడం రాక మొత్తం అసెంబ్లీ మార్చి వేలల్లో బిల్లు చేతిలో పెడితే, కిక్కురుమనకుండా కార్డు గీకి వస్తాడు. పారేసినవాడికి వేలు, కాపాడినవాడితో బేరాలు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా?

ఒకప్పుడు ఇలా లేదు. 1960ల్లో విజయవాడ జవహర్ ఆటోనగర్ మొదలైన కాలం తలచుకోండి. మెర్సిడెస్ చుక్క గుర్తుతో టాటా లారీలు తిరిగిన రోజులవి. ఒంటి ఛాసిస్‌గా వచ్చిన బండి మన షెడ్లలో తొట్టి కట్టించుకుని, రంగు వేయించుకుని, లారీ అయి రోడ్డెక్కేది. విరిగిన భాగానికి బదులు భాగం దొరకడం గగనం. కాబట్టి విరగ్గొట్టకుండా తీయడం మేస్త్రికి గొప్ప కాదు, రోజువారీ అవసరం. లారీ ఓనరు మేస్త్రికి కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆయన చేయి ఖాళీ అయ్యేదాకా కాచుక్కూర్చునేవాడు. విజయవాడకు పేరు తెచ్చిన చేతులవి. ఇవాళ అదే మేస్త్రి కొడుకు నాన్న పని నేర్చుకోనంటున్నాడు. వాడిదా తప్పు? పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు "మెకానిక్కా?" అని మొహం ముడుచుకుంటుంటే వాడేం చేస్తాడు? సినిమావాళ్లకు మాత్రం ఆటోనగర్ పనికొచ్చింది. 2014లో ఆ పేరు పెట్టుకుని ఒక సినిమా వచ్చింది. హీరో ఆవేశం చూసి ఈలలు వేశాం. ఆ షెడ్లలో నిజంగా చెమటోడ్చేవాళ్ల ఊసెత్తలేదు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంజన్లు వచ్చాయి, ఇక అంతా స్కానర్లదే రాజ్యమంటున్నారు. స్కానరు ఎర్రర్ కోడు చెబుతుంది, ఒప్పుకుంటాను. తుప్పు ఎంత లోతుకు దిగిందో చెబుతుందా? లాగు ఎక్కడ ఆపాలో చెబుతుందా? ఇంజను ఎంత కొత్తదైనా పుల్లీ పట్టేసేది పాత పద్ధతిలోనే కదా?

ఇక ఏలినవారితోనే మాట్లాడాలి. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వం చేతివృత్తుల వాళ్ల కోసం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. గుర్తింపు కార్డు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి 3 లక్షల దాకా రుణం. మంచిదే, కాదనను. 18 వృత్తులున్నాయి జాబితాలో. వడ్రంగి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, పూలదండలు కట్టేవాళ్లున్నారు. అందరూ అర్హులే. సుత్తులు, పనిముట్లు తయారుచేసేవాడూ ఉన్నాడు. ఆ సుత్తి పట్టి ఇంజన్లు బతికించే మోటారు మెకానిక్కు మాత్రం లేడు! సంప్రదాయ వృత్తి కాదు కాబట్టి అంటారు. తాత దగ్గర తండ్రి, తండ్రి దగ్గర కొడుకు నేర్చిన పని, పుస్తకంలో లేకుండా చేతినుంచి చేతికి వచ్చిన పని సంప్రదాయం కాకపోతే మరేది సంప్రదాయం? ఎన్ని తరాలు మసి పూసుకుంటే మీకు సరిపోతుంది?

అమెరికాలో 1972 నుంచి మెకానిక్కులకు పరీక్ష పెట్టి ధ్రువీకరించే సంస్థ ఉంది. నెగ్గినవాడు ఆ సంస్థ నీలి ముద్రను చొక్కా మీద కుట్టించుకుని తిరుగుతాడు. జర్మనీలో సాధారణంగా మైస్టర్ అర్హత ఉంటేనే సొంత వర్క్‌షాపు పెట్టనిస్తారు. ఆ మాటకు అక్కడ ఉన్న మర్యాద ఇక్కడ పంతులుగారికి కూడా లేదు. మనకు ఐటీఐల్లో రెండేళ్ల మోటారు మెకానిక్ కోర్సు ఉంది, పదో తరగతి పాసైతే చేరవచ్చు. పదో తరగతి గడప తొక్కని ముసలి మేస్త్రి మాత్రం అక్కడ పాఠం చెప్పడానికి పనికిరాడు. అరగని బోల్టుల మీద, తుప్పెరగని ఇంజన్ల మీద పిల్లలు రెండేళ్లు పానాలు తిప్పి బయటికొస్తారు. పట్టేసిన పుల్లీ ఎదురైన మొదటి రోజే గడ్డపార అందుకుంటారు.

కార్మిక శాఖ పెద్దలారా, నైపుణ్య శిక్షణ అంటూ సభలు జరిపే మంత్రులారా, వంద పేజీల విధానం మాకొద్దు. విశ్వకర్మ జాబితాలో పంతొమ్మిదో వృత్తిగా మోటారు మెకానిక్కును చేర్చమని ఒక్క ఉత్తరం రాయండి. ఐటీఐల్లో వారానికి ఒక పూటైనా ఆటోనగర్ మేస్త్రికి గౌరవవేతనం ఇచ్చి, ఆయన చెప్పినట్టు పిల్లల చేత పని చేయించండి. ధ్రువపత్రం ఇస్తామంటారా? కాగితం పరీక్ష వద్దు. తుప్పుపట్టిన క్రాంకు ఒకటి, దానికి పట్టేసిన బయటి పుల్లీ ఒకటి బల్ల మీద పెట్టండి. గీత పడకుండా తీసినవాడికి ముద్ర వేయండి. పరీక్ష చేయడానికి వచ్చే ఇంజనీరు గారు ముందుగా తానే ఒకటి తీసి చూపించాలన్న నిబంధన కూడా ఆ ఉత్తర్వులోనే రాయండి.