ముందు నేర్పండి, తర్వాత ఎంపిక చేయండి

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి,
చీమకుర్తి నగర పంచాయతీ కమిషనర్ గారికి,

చీమకుర్తి నాటక కళాభిమానులు, యువతీయువకులు, వారి తల్లిదండ్రులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: వేసవిలో పట్టణ యువతతో హరిశ్చంద్ర పద్యనాటకం ఆడించేందుకు పాత్రధారుల ఎంపిక, శిక్షణ, నిధుల గురించి.

ఆర్యా,

ఈ వేసవిలో మా ఊరి పిల్లలతోనే బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయం ఆడించాలని సంకల్పించాం. వేషాలన్నీ 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లే కట్టాలి. కాలేజీలు తెరిచేలోపు, జూన్ మొదటి వారంలో ప్రదర్శన జరగాలి. నిధులూ కావాలి, వేదికా కావాలి. వాటికన్నా ముందు ఎంపిక న్యాయంగా జరగాలి. అందుకే ఇందులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాం.

మేం చూసిన ఎంపికలన్నీ ఒకే తీరుగా సాగాయి. కుర్రాణ్ణి హార్మోనియం ముందు నిలబెట్టి "ఏదీ, ఒక పద్యం అందుకో" అంటారు. ఇంట్లో తాతో మేనమామో నాటకాలాడినవాళ్లయితే ఆ కుర్రాడు అందుకుంటాడు. మిగతావాళ్లు తలదించుకుని వెళ్లిపోతారు. పోయిన వేసవిలో జరిగిన ఒక ఎంపికకు గ్రానైట్ పాలిషింగ్ పనిచేసే అబ్బాయి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా రాతిబురద ఆరి అట్టకట్టింది. హార్మోనిస్టు ఐదు శ్రుతి పట్టారు. రెండో పాదం దాకా బాగానే లాగాడు, పై స్థాయి రాగం దగ్గర గొంతు చీలింది. "పద్యం నీవల్ల కాదు" అనేశారు. అంతకు ముందు ఆ అబ్బాయికి తన శ్రుతి ఎంతో చెప్పినవాళ్లే లేరు. మైకులు లేని రోజుల్లో చివరి వరసకు వినపడాలని పెద్దలు ఎత్తు శ్రుతిలో పాడేవారు. ఇవాళ వేదిక మీద మైకు ఉంటుంది కాబట్టి రెండు శ్రుతిలో పాడే హరిశ్చంద్రుణ్ణి కూడా జనం వింటారు.

కాబట్టి మా మొదటి కోరిక ఇది. ఏప్రిల్ చివరి వారం నుంచి హైస్కూలు మైదానంలో పది సాయంత్రాలు పద్యం నేర్పించండి. పేరు ఇచ్చిన ప్రతివారికీ మూడు పద్యాలు పెద్ద అక్షరాలతో అచ్చువేసి, పదవిభాగం, అర్థం రాసి ఇవ్వండి. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ మాట విరవాలో, ఎక్కడ రాగం ఆపి భావం చెప్పాలో నేర్పడానికి అనుభవం ఉన్న ఇద్దరు రంగస్థల కళాకారులనూ ఒక హార్మోనిస్టునూ గౌరవ వేతనం మీద నియమించండి. పదో రోజు తర్వాతే ఎంపిక పెట్టండి. మొదటి రోజు పాడినదానికీ పదో రోజు పాడినదానికీ మధ్య ఎంత ఎదిగారో చూసి వేషం ఇవ్వండి.

పిల్లలు నిలబడతారా అని సందేహించే పెద్దలకు మన ప్రాంతం చరిత్రే సమాధానం చెబుతుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు 1920లో చంద్రమతి వేషధారి రాకపోవడంతో ఆ వేషం కట్టి రంగస్థలం ఎక్కారు. అప్పటికి ఆయనకు దాదాపు 18 ఏళ్లు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం గారిని చిన్నతనంలో చేరదీసిన హనుమంతరావు నాయుడు గారు ఒంగోలులో ఉపాధ్యాయులు, నాటకాభిమాని. ఆయన వెంట రాజమండ్రి వెళ్లి ప్రకాశం గారు చదువుకుంటూనే వేషాలు వేశారు. నాయుడు గారి నాటక సమాజం కోసమే చిలకమర్తి గారు గయోపాఖ్యానం రాశారు. ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలు ప్రజానాట్యమండలిలో పాడి ఆడిన టి. కృష్ణ, మాదాల రంగారావు గార్లు తర్వాత సినిమాల్లో ఎంత పేరు తెచ్చుకున్నారో అందరికీ తెలుసు. వీళ్లలో పుట్టుకతోనే పద్యం వచ్చినవాళ్లు లేరు. ఎవరో ఒకరు పిలిచి అవకాశం ఇచ్చారు.

రెండో విషయం డబ్బు. పల్లెల్లో వేషం కొనుక్కునే అలవాటు ఉంది. కృష్ణుడి వేషానికి ఇంత, రెండో కృష్ణుడికి ఇంత అని లెక్క. హార్మోనియానికీ బయటి నుంచి వచ్చే నటీమణులకూ అయ్యే ఖర్చు ఆ చందాలతోనే గడుస్తుంది గనక నిర్వాహకులను తప్పుపట్టడం లేదు. కానీ కూలి మీద బతికే ఇంటి పిల్లవాడికి ఆ దారి మూసుకుపోతుంది. ఈ నాటకానికి ఏ వేషానికీ ఎవరి దగ్గరా రూపాయి తీసుకోరాదని ప్రకటనలోనే రాయాలి.

కులం సంగతి కూడా నేరుగా చెప్పాలి. కాటి యజమాని వీరబాహు వేషానికి ఫలానా పేట కుర్రాడు, రాజుకు ఫలానా వీధి కుర్రాడు అనే లెక్క ఈ ఎంపికలోకి రాకూడదు. హరిశ్చంద్ర కాటి సీనులో జనం ఎదురుచూసి వినే పద్యాలు వినుకొండ కవి జాషువా గారివి. ఆయన స్మశానవాటిక పద్యాలు చేరాకే ఆ సీను తెలుగునాట ఇంతగా నిలిచింది. అలాంటి నాటకంలో వేషాన్ని గొంతూ నటనా చూసే ఇవ్వాలి. అందుకోసం ఎంపిక బహిరంగంగా, రాత్రి ఏడు తర్వాత, ఊరంతా చూస్తుండగా జరపండి. మార్కులు అప్పటికప్పుడే మైకులో చదవండి. తమ పిల్లలు పోటీలో ఉన్నవారు నిర్ణేతలుగా కూర్చోకూడదు.

చంద్రమతి వేషానికి బయటి నుంచి నటిని పిలిపించే అవసరం లేకుండా మా ఆడపిల్లలకే అవకాశం ఇవ్వండి. తల్లిదండ్రులు పంపించాలంటే రిహార్సల్ రాత్రి తొమ్మిదికల్లా ముగియాలి, బాత్‌రూమ్ ఉండాలి, ఇంటిదాకా దిగబెట్టే ఆటో ఉండాలి. ఒడిశా, బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చి ఇక్కడ క్వారీల్లో, యూనిట్లలో స్థిరపడినవారి పిల్లలు కొందరు మనలాగే తెలుగు మాట్లాడతారు. వాళ్లకూ పిలుపు అందాలి. రాత్రి షిఫ్టు వాళ్ల కోసం ఎంపిక ఇంకో రోజు ఉదయం కూడా పెట్టాలి. శిక్షణ జరిగే పది రోజులూ షిఫ్టు మార్చుకునే వీలు ఇవ్వమని యాజమాన్యాలకు తమరు ఒక మాట చెప్పించాలి.

ఇంకొకటి మరీ ముఖ్యం. రాతిపని చేసే పిల్లలకు శిక్షణకు ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి. పద్యానికి ఊపిరే ఆధారం. సిలికా దుమ్ము పీల్చిన ఛాతీతో పద్యం మధ్యలో తెగితే దాన్ని ప్రతిభాలోపంగా రాయకూడదు, వైద్యం చేయించాలి.

నిధుల విషయానికొస్తే, గనుల ప్రభావిత ప్రాంతాల కోసం 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాల్లో నైపుణ్యాభివృద్ధి అధిక ప్రాధాన్య రంగం. గొంతు, ఉచ్చారణ, మేకప్, లైటింగ్, హార్మోనియం అన్నీ నైపుణ్యాలే. గెలాక్సీ గ్రానైట్ తవ్విన నేల మీది పిల్లలకు ఆ నిధి నుంచి ఇప్పించమని కోరుతున్నాం. డ్రెస్సులు, తెరలు అద్దెకు తెచ్చుకుంటాం, కొననక్కర్లేదు.

నంది నాటకోత్సవాల్లో కళాశాలల విభాగం నాటికలకే పరిమితం. పద్యం పట్టుకున్న విద్యార్థి పేరున్న సమాజాలతోనే తలపడాలి. యువతకు విడిగా పద్యనాటక విభాగం పెట్టమని తమ ద్వారా ప్రభుత్వానికి సిఫారసు పంపాలని మనవి.

కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం అయిన ఏప్రిల్ 16న ఎంపిక ప్రకటన వెలువడాలి. దానికి కనీసం పదిహేను రోజుల ముందు మా కోరికల్లో వేటికి అంగీకరించారో, వేటికి వీలుపడదో లిఖితపూర్వకంగా తెలియజేయించగలరు. పేర్లు ఇచ్చిన యువతీయువకుల జాబితా, తల్లిదండ్రుల సంతకాలు దీనికి జతచేశాం.

ఇట్లు,
తమ విధేయులు,
చీమకుర్తి నాటక కళాభిమానులు, యువతీయువకులు, తల్లిదండ్రులు