ఇరవై శాతమా? లెక్క చూపండి

ఇటీవల ఒక సభలో మన వక్త ఒకరు, తెలంగాణలో ముస్లిములు ఇరవై శాతం ఉన్నారనీ, ప్రభుత్వం ఆ సంఖ్యను దాచిపెడుతున్నదనీ ఆవేశంగా ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. ‘వీరు పెరిగిపోతున్నారు’ అని ఊరూరా భయం నూరిపోసేవారికి ఆ అంకెను మనమే చేతికందిస్తున్నామన్న స్పృహ వేదికపై ఒక్కరికీ లేకపోయింది.

2011 జనగణన ప్రకారం తెలంగాణ జిల్లాలలో మన వాటా సుమారు 12.7 శాతం. 2024 నవంబరులో ఆరంభమైన ఇంటింటి కులసర్వేలో తేలినది 12.56 శాతం. పెరిగిపోయారనే వారి విస్ఫోటనం ఎక్కడున్నది? అట్లని మన సంఖ్యాబలం తగ్గిందని కూడా అనరాదు. ఆ సర్వేకు 3.1 శాతం కుటుంబాలు అందనేలేదు. తాళం వేసిన ఇళ్ల ముందు జనగణన పత్రాలు పట్టుకొని పలుమార్లు నిలబడిన గుమాస్తాను నేను. ఆ లోటు ఎట్లా ఏర్పడుతుందో నాకు తెలుసు.

ఇక ఇరవై శాతం మాటను పరీక్షిద్దాం. నూటికి 96.9 వంతులు లెక్కకు వచ్చాయి. అందులో 12.56 శాతమంటే మొత్తం జనాభాలో 12.17. మిగిలిన 3.1లో హిందువు గాని క్రైస్తవుడు గాని ఒక్కడైనా లేడనీ, అందరూ మనవారేననీ అనుకుందాం. అసంభవమే, అయినా అనుకుందాం. అప్పటికీ మొత్తం 15.27 దాటదు. సగం మనవారైతే 13.72. మరి ఇరవై ఎక్కడినుండి వచ్చింది? రాసిన పత్రాలనే మార్చివేశారనేవారు ఏ వార్డులో, ఏ వీధిలో మార్చారో చూపాలి.

వెయ్యిమందిని అడిగిన సర్వేలను కొందరు ముందుకు తెస్తారు. ఏ పక్షపాతమూ లేకుండా ఎన్నుకున్న వెయ్యిమందిలోనైనా రెండు శాతం అటూ ఇటూ కావడం సహజం. మసీదు మెట్ల మీద అడిగితే ఆ విలువా ఉండదు.

మనకు కావలసిన అంకె వేరొకటి ఉన్నది. అదే సర్వే వెనుకబడిన ముస్లిములను 10.08 శాతంగా తేల్చింది. బీసీ-ఇ వర్గానికి 2007 నుండి అమలవుతున్నది నాలుగు శాతమే. అదీ సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడన. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు గనుక 10.08ని నేరుగా నాలుగుతో పోల్చడం న్యాయం కాదు. బీసీ-ఇ వర్గంవారు ఎందరో, వారిలో ఎందరు పదవ తరగతి దాటారో, ఎందరు ప్రభుత్వోద్యోగులో జిల్లాలవారీగా అడగవలసి ఉన్నది. వచ్చే నెల మన సంఘం ఇవ్వబోయే వినతిపత్రంలో ఇరవై శాతం అనే మాట ఉంటే నేను సంతకం చేయను.