వంటాయన ఇంటికి గిన్నె

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన కట్టుబాటు ఇది. ఇరుగుపొరుగు గిన్నెలు కదులుతాయి. ఒకరు అన్నం, ఒకరు పప్పుచారు తెచ్చి, ఏడ్చి అలసిన వాళ్ళను బలవంతాన కూర్చోబెట్టి నాలుగు ముద్దలు తినిపిస్తారు. ఆ తర్వాత చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. చావు జరిగిన ఇల్లు వంటాయనదైతేనే వాడకట్టుకు జంకు పుడుతుంది. బస్తా బియ్యాన్ని మెతుకు విరగకుండా దించే మనిషి ముందు మన ఇంటి చారు ఎట్లా పెట్టడం?

వండిపెట్టిన మనిషి పోతే ఏడవడం మనకు తెలుసు. 2019 అక్టోబరులో ‘గ్రాండ్‌పా కిచెన్’ నారాయణరెడ్డి తాత కన్నుమూసినప్పుడు, ఆరుబయట పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకు పెట్టిన ఆ చేతుల కోసం ఆయన్ను ఎన్నడూ కలవని దేశదేశాల జనం కంటతడి పెట్టారు. కానీ వండిపెట్టే మనిషే ఏడుస్తుంటే ఏం చేయాలో తోచదు.

పెండ్లికైనా, పోచమ్మ పండుగకైనా, దినాలకైనా వంటాయన చోటు గాడిపొయ్యి పక్కనే. మేళం మోగినా, ఏడుపులు వినిపించినా ఆయన చూపు ఎసరు మీదే ఉండాలి. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు మాత్రం ఇంటివాళ్ళను పిలిచి అడుగుతాడు, “పోయినాయన ఏం ఇష్టంగ తింటుండె?” అని. ఒకరికి తలకాయ కూర, ఒకరికి బోటి, ఇంకొకరికి గారెలు, పక్కన సీసాలో కల్లు. పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ గుండె ఎంత బరువెక్కుతుందో 2023లో వచ్చిన ‘బలగం’ సినిమా చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ బరువులో సగం వండినవాడిదే. ఊళ్ళో పోయినవాళ్ళందరి నాలుకలూ ఆయనకు గుర్తు. రాజుల యుద్ధాలను పక్కనపెట్టి జనం ఏం తిన్నారో, ఏం కట్టారో వెతికి రాసిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డే. ఈ వంటాయనల దగ్గర ఉన్నదీ అట్లాంటి చరిత్రే. కాకపోతే అది కాగితం మీదికి ఎక్కలేదు.

చావింటికి వండి పంపడం మన పల్లెల కట్టుబాటే కాదు. 629లో ముఅతా యుద్ధంలో జాఫర్ అనే ఆయన చనిపోయిన వార్త అందినప్పుడు, ఆ ఇంటివాళ్ళు దుఃఖంలో మునిగి ఉన్నారు, వాళ్ళకు వండి పంపండి అని మహమ్మదు ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది. యూదులకూ ఖననం తర్వాత మొదటి భోజనం పొరుగువాళ్ళ చేతి మీదుగానే రావాలి. ఇంత దూరంలో ఉన్నవాళ్ళకూ మనకూ ఒకే మాట తోచింది. అందులో రుచి ప్రసక్తి ఎక్కడా లేదు.

దేవరకొండ దిక్కు ఒక పల్లెలో చూసిన సంగతి. వంటాయన భార్య పోయింది. రెండొద్దులు ఆయన నోట మాట లేదు, కంట నీరు లేదు. మూడోనాడు ఇంకెవరో గంటె పట్టుకున్నారు. ఎప్పుడూ తాను అడిగే ప్రశ్న ఈసారి ఆయన్నే అడిగారు. “మీ ఆమెకు ఏం ఇష్టముండె?” ఆయన తల దించుకున్నాడు.

పక్కింటి ముసలామె గిన్నె పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుంది. “తమ్మీ, చెప్తే కోపానికి రావద్దు. నువ్వు వంటలకు పోయిన రోజల్లా నీ పెండ్లాం మా ఇంటికే వచ్చేది. మా ఆయన వంట ఊరందరికీ మంచిదే గని, నాకైతే నీ పచ్చిపులుసే పొయ్యక్కా అనేది. ఇరువై ఏండ్లు నీకు తెల్వకుంట దాసినం.”

చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆయన ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు వెంటే రెండొద్దుల ఏడుపూ వచ్చింది.

పరామర్శకు పోయి ఎవరైనా పరాచికమాడవచ్చని కాదు. అదే మాట వాకిట్లో చెప్పులు విప్పకుండా నిలబడినవాడు అంటే గుచ్చుకునేది. ముసలామె రెండు రాత్రులు ఆ అరుగు మీదే మేల్కొని ఉంది. ఆ మాటతో పోయిన మనిషిని తక్కువ చేయలేదు, ఆయన ఎరగని భార్యను ఒకింత తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తెచ్చినదీ తగినదే. పచ్చిపులుసును మరిగించే పని లేదు. చింతపండు పిసికిన నీళ్ళలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఉప్పు, నువ్వుల పొడి కలిపితే సరి. బతుకంతా మంట ముందు నిలబడ్డవాడికి, పొయ్యి వెలగని ఇంట్లో, మంట మీద కాగని పులుసు.

అందులోంచి కొంత పిట్టకు పెట్టిన విస్తరిలోకి పోయింది. పిట్ట ముట్టాక ఆయన మిగిలినది అన్నంలో పోసుకొని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“ఉప్పు తక్కువైంది” అన్నాడు.

ముసలామె తెస్తానని లేవబోయింది.

“వద్దక్కా, గట్లనే ఉండనియ్యి” అని గిన్నెను తన దగ్గరికి జరుపుకున్నాడు.